మన బడి వేప, మన పాలమూరు మర్రి

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కమిటీ వాళ్లు ఒక్కొక్కరికి ఒక అంశం ఇచ్చారు. డాక్టరుగారికి ఆరోగ్యం ఇచ్చారు, బ్యాంకు మేనేజరుగారికి పొదుపు ఇచ్చారు. నాకు మాత్రం 'నాకిష్టమైన చెట్టు' అని ఇచ్చారు. రోడ్లు వేసేవాణ్ణి పట్టుకుని చెట్టు గురించి మాట్లాడమన్నారంటే ఇందులో ఏదో చమత్కారం ఉందని నాకూ అర్థమైంది. ముప్పై ఏళ్లుగా నాది ఇదే పని. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు మేము తయారుచేసే పట్టికలో చెట్టుకు కూడా ఒక వరస ఉంటుంది. ఎన్నో కిలోమీటరు దగ్గర ఉంది, కుడి పక్కా ఎడమ పక్కా, ఏ జాతి, చుట్టుకొలత ఎంత, తీసెయ్యాలా ఉంచాలా. 2002లో వాల్టా చట్టం వచ్చింది కాబట్టి చెట్టు కొట్టాలంటే అనుమతి కాగితం కూడా జతచేయాలి. ఇన్ని గడులున్న ఆ పట్టికలో 'ఇష్టం' అనే గడి మాత్రం లేదు.

ఏడో తరగతిలో ఇదే అంశం మీద వ్యాసం రాయమంటే క్లాసు మొత్తం మామిడిచెట్టు గురించి రాసింది. గైడులో ఉన్నది అదే మరి. కొల్లాపూర్ వైపు నుంచి వచ్చిన ఇద్దరు ముగ్గురికి తప్ప ఎవరి పెరట్లోనూ మామిడి లేదు. ఇప్పుడు గైడు లేదు కాబట్టి రెండు చెట్ల గురించి నా సొంతంగా చెబుతాను. ఒకటి జిల్లా మొత్తం చెప్పుకునే చెట్టు. రెండోది, ఈ షామియానా అంచు దాటితే మీకు కనిపించే వేప. ఆ వేపకు సంబంధించి మీ అందరి ముందు ఒక మనవి కూడా పెట్టాలి. అది చివర్లో.

ముందు పెద్ద చెట్టు సంగతి. 2016 అక్టోబరులో జిల్లా విడిపోయినప్పుడు అన్నదమ్ముల పంపకాల్లాగే జరిగింది. గద్వాలకు జోగులాంబ వచ్చింది. నాగర్‌కర్నూలుకు నల్లమల వచ్చింది. వనపర్తికి రాజాగారి కోట, అందులోని పాలిటెక్నిక్ మిగిలాయి. పిల్లలమర్రి మాత్రం మహబూబ్‌నగర్ వాటాకు పోయింది. కాగితం మీద పోయింది గానీ, మన మూడు ఊళ్లలో ఏ బడి పిల్లవాణ్ణి అడిగినా పిల్లలమర్రి మాదే అంటాడు. మా రోజుల్లో ఎక్స్‌కర్షన్ అంటే అయితే అలంపూర్ గుళ్లు, లేకపోతే పిల్లలమర్రి. పులిహోర పొట్లాలు కట్టుకుని పోయేవాళ్లం.

దాదాపు మూడెకరాల్లో పరుచుకున్న మర్రి అది. ఏడు వందల ఏళ్లదని చెబుతారు. దూరం నుంచి చూస్తే పచ్చటి గుట్ట లాగుంటుంది. దగ్గరికి పోతే గుట్ట కాస్తా వంద స్తంభాల మంటపమవుతుంది. అసలు మాను ఏది, ఊడ ఏది అని మేము పందేలు కాసేవాళ్లం. తేల్చినవాడు లేడు.

తర్వాత పాలిటెక్నిక్‌లో చేరి స్ట్రక్చర్స్ చదువుతుంటే ఆ పందెం గుర్తొచ్చింది. పిల్లలకు అర్థమయ్యేటట్టు చెబుతాను. మీ ఇంటి కిటికీ మీద సజ్జ ఉంటుంది కదా. దానికి ఒక పక్కే పట్టు, రెండో పక్క గాలిలో ఉంటుంది. దాన్ని కాంటిలీవర్ అంటాం. చెట్టు కొమ్మ కూడా అంతే. బరువు అంతటా సమంగా ఉన్న సజ్జ పొడవును రెట్టింపు చేస్తే, అది గోడలో కలిసే చోట వంచే బలం రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. అందుకే ఏ చెట్టయినా కొమ్మను కొంత దూరమే చాచగలదు. మర్రి ఏం చేస్తుంది? కొమ్మ బరువెక్కేకొద్దీ దాని మీది నుంచి ఊడను దింపుతుంది. సుతిలి తాడంత సన్నగా వేలాడే ఊడ నేలను తాకగానే వేళ్లు తన్ని లావెక్కి, స్తంభమై నిలబడుతుంది. స్తంభం పడ్డాక కొమ్మ మళ్లీ ముందుకు పోతుంది. సెంట్రింగు లేదు, మేస్త్రీ లేడు.

ఈ పద్ధతి ఎంత గట్టిదో చూడాలంటే కలకత్తా దగ్గర హౌరా బొటానికల్ గార్డెన్‌లోని మహావటవృక్షాన్ని చూడాలి. తుపాన్ల దెబ్బ తిని, బూజు పట్టి అసలు మాను కుళ్లిపోతే, 1925లో దాన్ని కోసి తీసేశారు. నడిమిట్ల మాను పోయిన చెట్టు నేటికీ ఊడల మీదే బతుకుతున్నది, ఇంకా పెరుగుతున్నది. మన రాయలసీమలో, కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమాను దాదాపు ఐదెకరాల్లో పరుచుకుని 1989లో గిన్నిస్ పుస్తకానికెక్కింది. అక్కడ కూడా బరువు మోసేది ఊడలే.

అయితే పిల్లలమర్రి నాకు ఇష్టమైంది దాని వయసు వల్లో, వైశాల్యం వల్లో కాదు. దానికి జబ్బు చేసినప్పుడు జరిగిన సంగతి వల్ల. 2017 చివరికి దాని పెద్ద కొమ్మ ఒకటి విరిగిపడింది. చూస్తే లోపలంతా చెదలు. డిసెంబరులో సందర్శకులను ఆపేసి గేటు మూశారు. అటవీ శాఖ వాళ్లు ముందు మానుకు రంధ్రాలు చేసి మందు ఎక్కించి చూశారు. మందు లోపలికి పోకుండా తిరిగి బయటికే కారింది. అప్పుడు ఒక ఉపాయం చేశారు. ఆసుపత్రుల్లో కట్టే సెలైన్ సీసాల్లో క్లోరిపైరిఫాస్ ద్రావణం నింపి, కొమ్మలకు వందలకొద్దీ వేలాడదీసి, బొట్టు బొట్టుగా ఎక్కించారు. వేళ్ల దగ్గర మట్టికి కూడా పలచటి మందు పోశారు. వాలిపోయే కొమ్మల కింద ఆసరా స్తంభాలు కట్టారు. 2018 ఏప్రిల్‌లో ఆ ఫొటోలు దేశమంతటా పేపర్లలో వచ్చాయి.

చెట్టుకు సెలైన్ ఎక్కిస్తున్నారట అని జనం నవ్వుకున్నారు. నేను మాత్రం ఆ ఫొటోను చాలాసేపు చూశాను. మొదటి ఉపాయం పారకపోతే రెండో ఉపాయం పట్టడం, బరువు ఎక్కడ పడుతుందో చూసి అక్కడ ఆసరా పెట్టడం, కొంతకాలం మనుషులను దూరం ఉంచడం. ఇదంతా మంచి ఇంజనీరింగు. 2025 మే నెలలో ప్రపంచ సుందరి పోటీలకు వచ్చిన అమ్మాయిలను తెచ్చి ఆ చెట్టు కింద తిప్పారంటే, ఏడేళ్ల కింద దాన్ని మంచాన పడ్డ మనిషిలాగా చూసుకున్నవాళ్ల పుణ్యమే.

పిల్లలమర్రి దక్కింది. దక్కని చెట్లు కూడా మనకు తెలుసు. శ్రీశైలం జలాశయం కింద కొల్లాపూర్, అలంపూర్ వైపు కృష్ణ ఒడ్డు ఊళ్లు ఎన్నో మునిగాయి. అది 1980ల మొదట్లో. అప్పుడు నేను ఆరో తరగతి. సంవత్సరం నడుమ మా క్లాసులోకి ఒక కొత్త పిల్లవాడు వచ్చాడు. వాళ్లది ముంపు ఊరు. బెంచీ మీద నా పక్కనే కూర్చునేవాడు, ఎక్కువ మాట్లాడేవాడు కాదు. ఒకరోజు సాంఘికశాస్త్రం సారు, కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాళ్లకు నంబర్లు వేసి విప్పి, అలంపూర్‌కు తరలించి మళ్లీ పేర్చిన సంగతి చెప్పారు. మేమంతా నోరు తెరుచుకుని విన్నాం. ఇంటర్వెల్లులో ఆ పిల్లవాడు నాతో అన్నాడు: "గుడిని తెచ్చిండ్రు. ఇండ్లు మేము మల్ల కట్టుకున్నం. మా ఊరి ముందర చింతచెట్టు ఉండె, దాన్నెట్ల తెస్తరు?"

ఆ ప్రశ్నకు ఇంజనీరుగా నా దగ్గర జవాబు ఉంది, అది సంతోషపెట్టే జవాబు కాదు. రాయికి నంబరు వేస్తే ఎక్కడైనా రాయే. చెట్టుకు సగం ఒళ్లు మట్టిలో ఉంటుంది. ఇప్పుడు పెద్ద యంత్రాలతో చెట్లను లేపి వేరే చోట నాటుతున్నారు. మర్రి, రావి లాంటివి కొమ్మ నాటినా చిగురిస్తాయి కాబట్టి తట్టుకుంటాయి. ముసలి చింత, ముసలి వేప అంత తేలిగ్గా తట్టుకోవు. లేపేటప్పుడు తెగే సన్న వేళ్లే వాటికి నోరు.

ఇక మన వేప దగ్గరికి వస్తాను. దీని కింద మీకు ఎన్ని జ్ఞాపకాలున్నాయో నాకూ అన్నే ఉన్నాయి. రైలు పట్టా ముక్కతో చేసిన గంట దీని కొమ్మకే వేలాడేది. దీనికెదురుగా ఉన్న గోడకే పరీక్షల ఫలితాలు అంటించేవాళ్లు. ఎండాకాలం ఒంటిపూట బడిలో తొమ్మిదో తరగతి క్లాసు దీని నీడలోనే. హోంవర్క్ చేయనివాళ్లను నిలబెట్టింది కూడా ఇక్కడే. వానాకాలం మొదట్లో పసుపుపచ్చ వేపపండ్లు రాలితే నోట్లో వేసుకుని, గింజ ఎవరెంత దూరం ఊస్తారో పోటీ పెట్టుకున్నవాళ్లు ఇప్పుడు ఈ మొదటి వరసలో పెద్దమనుషులై కూర్చున్నారు. పేర్లు చెప్పను.

నాకు మాత్రం ఈ చెట్టు ఇంకొక కారణం వల్ల ప్రత్యేకం. మా లెక్కల సారు సరూప త్రిభుజాలు బోర్డు మీద చెప్పలేదు. ఒక మీటరు కర్ర, దర్జీ దగ్గర తెచ్చిన టేపు పట్టుకుని మమ్మల్ని ఇక్కడికి తీసుకొచ్చారు. కర్రను నిలువుగా పెట్టి దాని నీడ కొలవమన్నారు. 80 సెంటీమీటర్లు వచ్చింది. వెంటనే చెట్టు నీడ కొలవమన్నారు. 8 మీటర్లు వచ్చింది. "ఇగ చెట్టెక్కకుండ ఎత్తు చెప్పుండ్రి" అన్నారు. పది మీటర్లు. నీడను బట్టి ఎత్తు దొరుకుతుందన్న ఆ సంగతి నాకు గారడీ లాగనిపించింది. ఆ సాయంత్రం గుడి ధ్వజస్తంభం, ఊరి నీళ్ల ట్యాంకు, మసీదు మినారు అన్నింటి నీడలూ కొలుచుకుంటూ తిరిగాను. నేను చేసిన మొదటి సర్వే ఇదే. ఆ తర్వాత ఎన్ని వంతెనలు కొలిచినా, మొదట కొలిచింది ఈ వేపనే.

2021 వానాకాలం చివర ఇది ఎండిపోయింది. ఇదొక్కటే కాదు, ఆ ఏడాది తెలంగాణలో ఎక్కడ చూసినా వేపచెట్లు కొసల నుంచి కాలినట్టు మాడిపోయాయి. వేపకే రోగం వచ్చిందంటే మనకు మందేది అని జనం భయపడ్డారు. శాస్త్రవేత్తలు చెప్పిన కారణం రెండు ముక్కల్లో ఇది. టీ దోమ అనే పురుగు లేత చిగుళ్లలో రసం పీలుస్తుంది. ఆ దెబ్బ తగిలిన చోట ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం పట్టి కొమ్మ కొసలు చచ్చిపోతాయి. మాను చావదు. అప్పుడు ఎవరో వచ్చి, చెట్టు చచ్చింది, కట్టెలకు అమ్మితే బడికి నాలుగు డబ్బులొస్తాయన్నారట. అప్పటి ప్రధానోపాధ్యాయురాలు ఒక్కటే మాట అన్నారు, ఉగాది దాకా చూద్దామని. ఉగాదికి చిగురు వచ్చింది. పచ్చడిలోకి పువ్వు ఈ చెట్టుదే కోశారు. ఆ మేడమ్ ఇవాళ ఈ సభలో ఉన్నారు. చప్పట్లు ఆమెకు కొట్టండి.

ఇప్పుడు నా మనవి. స్వర్ణోత్సవ కానుకగా ఈ చెట్టు చుట్టూ రెండడుగుల ఎత్తు గ్రానైట్ గద్దె కట్టాలని, ఆవరణ అంతా టైల్స్ పరచాలని, ఆ పక్కనే శాశ్వత వేదిక పునాది తీయాలని ప్రతిపాదన ఉంది. విరాళాలు కూడా వచ్చాయి. అందరిదీ మంచి మనసే. చెట్టు మీద ప్రేమతోనే అనుకున్నారు. కానీ అన్నదమ్ములారా, అక్కచెల్లెళ్లారా, ఈ కానుక ఇస్తే చెట్టు పోతుంది. ఒక్క రోజులో పోదు. ఐదేళ్లో పదేళ్లో పడుతుంది. అప్పటికి ఎందుకు పోయిందో ఎవరికీ గుర్తుండదు.

ఎట్లా పోతుందో చెబుతాను. చెట్టు వేళ్లు నూతిలో తాడులాగా నిట్టనిలువుగా దిగి ఉంటాయని అనుకుంటాం. తిండి తెచ్చే సన్న వేళ్లు చాలావరకు పై రెండడుగుల మట్టిలోనే, కొమ్మల అంచు దాటి కూడా పరుచుకుని ఉంటాయి. వాటికి నీళ్లతో పాటు గాలి కూడా కావాలి. మట్టి రేణువుల మధ్య సందుల్లో ఉండేదే ఆ గాలి. మీద రోలరు తిప్పి, సిమెంటు పోసి, టైలు పరిస్తే ఆ సందులు మూసుకుపోతాయి. ఇక గద్దె కట్టి లోపల మట్టి నింపితే, గాలికి ఆరుతూ ఉండాల్సిన బెరడు రెండడుగుల మేర ఎప్పుడూ తడిలో ఉంటుంది. కుళ్లుకు, చెదలకు అదే దారి.

నీళ్ల లెక్క కూడా చూద్దాం. ఈ రోజు పొద్దున టేపు పెట్టి కొలిచాను. కొమ్మలు మాను నుంచి సుమారు ఆరు మీటర్ల దూరం వరకు పరుచుకున్నాయి. అంటే ఆ నీడ వైశాల్యం 113 చదరపు మీటర్లు. మనది వాన తక్కువ సీమ. ఏడాదికి 500 మిల్లీమీటర్లని తక్కువగానే వేసుకున్నా, ఈ చెట్టు కింది నేల మీద పడే వాన 56 వేల లీటర్ల పైచిలుకు. ఐదు వేల లీటర్ల ట్యాంకర్లయితే పదకొండు. అందులో సగం ఆవిరైనా, పారిపోయినా మిగతాది మట్టిలోకి ఇంకుతుంది. టైల్స్ వేస్తే ఆ నీళ్లన్నీ నేరుగా మోరీలోకి పోతాయి. తర్వాత మనమే ట్యాంకరు తెప్పించి, చెట్టు మొదట్లో బకెట్టు నీళ్లు పోసి ఫొటో దిగుతాం.

వద్దని చెప్పి కూర్చుంటే కమిటీ వాళ్లు ఒప్పుకోరని నాకు తెలుసు. అందుకే బదులు ప్లాను కూడా గీసుకొచ్చాను. వేదికను పన్నెండడుగులు తూర్పుకు జరిపితే పునాది గుంత ముఖ్యమైన వేళ్లకు దూరంగా పోతుంది. కాగితం మీద గీత జరపడానికి పైసా ఖర్చు లేదు. సభకు కావలసిన స్థలం అప్పుడూ అంతే ఉంటుంది. టైల్స్ గేటు నుంచి వరండా దాకా దారికి మాత్రం వేద్దాం. కొమ్మల కింద నేలను నేలగానే ఉంచుదాం. రాలిన ఆకును ఊడ్చి కాల్చకుండా అక్కడే పరిస్తే అదే ఎరువు. కూర్చోవడానికి గద్దె బదులు, పునాది లేకుండా కాళ్ల మీద నిలబడే రాతి బల్లలు పెడదాం. గ్రానైట్ ఇస్తామన్నవాళ్లు ఆ బల్లలే ఇవ్వవచ్చు.

ఇంకొకటి. గంట వేలాడదీసిన ఇనుప తీగ కొమ్మ బెరడును కోసుకుంటూ లోపలికి పోయింది. ఆకులు వండిన తిండి కిందికి దిగేది బెరడు కింది పొరలోంచే. తీగ చుట్టూ బిగిస్తే ఆ దారి మూసుకుపోతుంది. గంటకు విడిగా ఒక ఇనుప స్తంభం నేను వేయిస్తాను. అది నా వంతు. దాతల పేర్లు గోడ మీద రాయించుకుందాం. చెట్టుకు మేకులు కొట్టి బోర్డులు పెట్టవద్దు.

పిల్లలకు ఒక పని చెబుతాను. ఒక పెద్ద రిజిస్టరు తెచ్చాను, దాని మీద 'మన వేప' అని రాయించాను. నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తులో మాను చుట్టుకొలత తీయడం అటవీ శాఖ వాళ్ల పద్ధతి. అక్కడ సున్నంతో ఒక గుర్తు పెట్టండి. ప్రతి ఏడాదీ ఇదే తారీఖున ఆరో తరగతి వాళ్లు చుట్టుకొలత తీసి, ఎత్తును నీడతో లెక్కగట్టి, చిగురు ఎప్పుడొచ్చింది, పువ్వు ఎప్పుడొచ్చింది రాయాలి. కొసలు మాడితే అది కూడా రాయాలి. 2021లో అట్లాంటి రిజిస్టరు ఉండి ఉంటే, చెట్టు చచ్చిందా బతికుందా అన్న వాదనే వచ్చేది కాదు. రెండో పని, వేపపండ్లు రాలిన వారం పది రోజుల్లోనే గింజలు నాటండి. వేప గింజకు మొలకెత్తే శక్తి ఎక్కువ రోజులుండదు, డబ్బాలో దాస్తే పనికిరాదు. ఈ చెట్టు బిడ్డలు నాలుగు ప్రహరీ వెంట లేస్తే, ఇంకో యాభై ఏళ్లకు జరిగే సభకు నీడ సిద్ధంగా ఉంటుంది.

మన మూడు జిల్లాల పిల్లలు చదువుకుని హైదరాబాదుకు పోయారు, బెంగళూరుకు పోయారు, అమెరికాకు పోయారు. తిరిగి వచ్చినప్పుడు పాత పెంకుల గది ఉండదు, సార్లు రిటైరై ఉంటారు, క్యాంటీను పేరు మారి ఉంటుంది. ఈ ఆవరణలో మనల్ని పిల్లలప్పుడు చూసి, ఇంకా నిలబడి ఉన్నది ఈ వేప ఒక్కటే. నా పక్క బెంచీ పిల్లవాడికి ఆ అదృష్టం లేదు. వాళ్ల చింతచెట్టు విషయంలో ఎవరూ అతణ్ణి అడగలేదు. మన వేప సంగతి మాత్రం మననే అడుగుతున్నారు. భోజనాల తర్వాత కమిటీ కూర్చుంటుంది, నా ప్లాను కాగితం బల్ల మీద పెడతాను. దయచేసి ఒకసారి చూసి చెయ్యెత్తండి.

ఆరో తరగతి పిల్లలు నలుగురు నాతో రావాలి. టేపు నా జేబులో ఉంది. ఎండ ఉండగానే నీడ కొలుద్దాం.